అంత్యసేవయు, అనుజ్ఞాపత్రమును

ప్రభుత్వమువారు క్రొత్తగా నొక లైసెన్సును కల్పింపదలచినపుడు శాసనసభలో మొదట పుట్టు ప్రశ్న యొక్కటియే: దీనికి ఖర్చెంత? ఖజానా సొమ్ముతో నిమిత్తము గల ప్రతి బిల్లుకును ఆర్థిక వివరణపత్రము నొకదానిని జతపరుపవలయునని మన లోకసభ నియమములలోనే యున్నది. అమెరికా సంయుక్తరాష్ట్రములలోని శాసనసభలలోను బిల్లు వెంట ఖర్చుపద్దు నొకదానిని పంపు వాడుక కలదు. ఇద్దరు గుమాస్తాలు, ఒక తనిఖీదారు, వాని బండిఖర్చు, కాగితములు, కలములు. వీని మొత్తమునుండి దరఖాస్తుదారులు చెల్లించు రుసుమును తీసివేసి, శేషము సున్న యని చూపుటతో ఆ పద్దు ముగియును. సభ్యులు తృప్తిపడుదురు. బిల్లు గట్టెక్కును. ఆ పద్దులో వ్రాయబడక మిగిలిపోవునది ఎంతయో విచారించుట యీ వారము మా యుద్దేశము.

విషయము హాస్పిసులకు సంబంధించినది. ఈ మాట మన పఠనమందిరములకు వచ్చు చదువరు లందరకును పరిచితము కాకపోవచ్చును. మందులు రోగమును కుదుర్చజాలని దశకు వచ్చిన మనుష్యునికి బాధ తగ్గించి, పుండు కడిగి, నిద్ర పట్టించి, ఇంటివారికి ధైర్యము చెప్పి, తుదిశ్వాసవరకు మర్యాదగా బ్రతుకనిచ్చు సేవకు ఆ పేరు. దానికి మేడలు మిద్దెలు నుండనక్కరలేదు; పెక్కుచోట్ల నర్సు రోగి యింటికే పోవును. 1967లో లండను నగరమున సిసిలీ సాండర్సు అను వైద్యురాలు సెయింట్ క్రిస్టఫర్సు హాస్పిసును నెలకొల్పినది మొద లీ పద్ధతి లోకమున వ్యాపించెను. అమెరికాలో మొదటిది 1974లో కనెక్టికట్ రాష్ట్రమున వెలసినది. మన దేశమున 1986లో బొంబాయిలో శాంతి అవేదన సదన్ ఆరంభమాయెను. "ఇక మేము చేయగలది లేదు, ఇంటికి తీసికొనిపొండు" అను వైద్యుని మాట వినని కుటుంబము మన యూళ్లలో నరుదు. ఆ మాటకు పిమ్మట మిగిలియుండు దినములు, వారములు, నెలలు ఎవరి బాధ్యత యని యడిగినవారు మాత్రము నిన్నమొన్నటివరకు లేరు.

ఇట్టి సేవకు లైసెన్సేల, మంచిపని చేయువారిని ప్రభుత్వ మేల యడ్డగింపవలయు నని కొందరు మిత్రులు మాతో వాదించిరి. వకీళ్లము గనుక మే మొక మాట చెప్పగలము. ఏ వ్యాపారమునందైనను మోసపోయినవాడు మరునాడు కోర్టు మెట్లెక్కి సాక్ష్యము చెప్పుటకు బ్రతికియుండును. ఈ యొక్క వ్యవహారమున ముఖ్యసాక్షి చనిపోవును. వాని భార్యాబిడ్డలు దుఃఖములో నుందురు; నర్సు రాలేదేమి, మందు ఇయ్యలేదేమి యని తగవులాడు ఓపిక వారి కుండదు. ఫిర్యాదు పుట్టనిచోట తనిఖీ లేకున్న న్యాయమునకు దారియే లేదు. కావున లైసెన్సు ఉండవలయు ననుటలో మాకు సందేహము లేదు. సందేహ మంతయు దాని ఖరీదును లెక్కించు తీరునందే.

కాలిఫోర్నియా రాష్ట్రపు కథ యిచ్చట వివరముగా చెప్పదగినది. అమెరికాలో 65 ఏండ్లు దాటిన వృద్ధుల వైద్యమునకు మెడికేర్ అను పథకము 1965లో నేర్పడెను. 1982లో చేసిన శాసనముచేత హాస్పిసు సేవకును ఆ పథకమునుండి సొమ్ము చెల్లింపసాగిరి. రోగము తన మార్గమున సాగినచో ఆయుర్దాయ మారునెలలకు మించదని వైద్యులు ధ్రువపరుపవలయును. రోగి కుదుర్చు వైద్యమును వదలుకొని యీ సేవను కోరుచున్నట్లు సంతకము చేయవలయును. అటుపిమ్మట హాస్పిసుకు దినమునకింత యని ముట్టును. ఇంటివద్ద చేయు సాధారణసేవకు ఇటీవలి సంవత్సరములలో నా దినభత్యము సుమారు ఇన్నూరు డాలర్లు. ఇందులోని కీలకము చదువరులు గమనింతురుగాక. నర్సు నేడు వచ్చినను రాకున్నను ఆ దినమునకు భత్యము భత్యమే. మరణశయ్యపై నున్నవానికి ప్రతిదినమును ఒకే తీరు సేవ యక్కరలేదు గనుక ఆ యేర్పాటు న్యాయముగనే కనబడును. ధర్మాత్ములు నడుపుచున్నంతకాల మది న్యాయముగనే యుండెను.

కాని సొమ్మున్నచోటికి ధర్మాత్ములొక్కరే రారు. 2000 సంవత్సరమున మెడికేర్ హాస్పిసులకు చెల్లించినది సుమారు 290 కోట్ల డాలర్లు. 2022లో 2,370 కోట్ల డాలర్లు. ఆ యేట సేవ పొందినవారు 17 లక్షలు. మొదట చర్చీలును, ధర్మసంస్థలును నడిపిన యీ సేవలో నేడు నాలుగింట మూడువంతుల సంస్థలు లాభముకొరకు నడచునవే. లాభార్జన పాపమని మేమనుట లేదు. లాభము సేవ తగ్గినకొలది హెచ్చునట్టి యేర్పాటున్నపుడు కావలివాడు మెలకువగా నుండవలయునని మాత్రము చెప్పుచున్నాము.

కావలివాడు ఎవడు? ఇచ్చటనే చిక్కు. సొమ్ము చెల్లించునది వాషింగ్టనులోని కేంద్రప్రభుత్వము. తలుపు తెరచు లైసెన్సు నిచ్చునది రాష్ట్రము. మెడికేరులో చేరుటకు వలయు తనిఖీని తరచుగా చేయునవి గుర్తింపు సంఘములు; ఆ సంఘములకు రుసుము నిచ్చునది తనిఖీకి లోబడు సంస్థయే. గాదె ఒకరిది, తాళపుచెవి యింకొకరిది, కావలి మరియొకరిది. రాష్ట్రమువారు ఒక తనిఖీదారుని జీతము మిగుల్చుకొనిరేని ఆ మిగులు వారి పద్దులో కనబడును. దానివలన కలుగు నష్టము వేరొక ప్రభుత్వపు పద్దులో పడును. ఇట్టి స్థితిలో పొదుపు చేయని గుమాస్తా యుండునా?

ఫలితమును ఆ రాష్ట్రపు ఆడిటరే 2022 మార్చిలో బయటపెట్టెను. 2010 మొదలు లాస్ ఏంజెలెస్ కౌంటీలో హాస్పిసుల సంఖ్య నూటికి 1,500 వంతులు పెరిగినదట. అనగా ఒకటియున్నచోట పదునారు. వృద్ధుల జనసంఖ్యతో పోల్చిచూడ దేశపు సగటుకు ఆరున్నర రెట్లు. మృత్యుదేవత ఆ యొక్క కౌంటీపై నంత ప్రత్యేకమగు దయ చూపినదని యెవరును నమ్మజాలరు. ఒకే భవనము చిరునామాతో 150కి పైగా హాస్పిసులును, గృహవైద్య సంస్థలును లైసెన్సులు పొందియుండెను. అన్ని కార్యాలయము లా కట్టడములో పట్టుటకే వీలులేదని ఆడిటరు వ్రాసెను. 2019 ఒక్కయేట ఆ కౌంటీ హాస్పిసులు మెడికేరునుండి అక్రమముగా నెక్కువ రాబట్టిన సొమ్ము 10 కోట్ల 50 లక్షల డాలర్లు కావచ్చునని యాయన యంచనా. లైసెన్సు నిచ్చు శాఖ దరఖాస్తుదారుల పూర్వచరిత్రను చాలినంత విచారింపలేదనియు, ఫిర్యాదులపై దర్యాప్తు మందగించెననియు ఆ నివేదికయే తేటపరచుచున్నది.

ఈ సొమ్ము రాబట్టు విధమును గూర్చి కొంత చెప్పుట యవసరము. లేనిచో చదువరులు దీనిని ధనవంతపు దేశపు ధననష్టముగా మాత్రమే తలంతురు. దళారి వృద్ధుల యిండ్లకు పోవును. ఉచితముగా ఇంటికి నర్సు వచ్చుననియు, సరకులు మందులు ముట్టుననియు మధురముగా పలుకును. కాగితముపై సంతకము తీసికొనును. ఆ కాగిత మేమన్నది? నేను ఆరునెలలలో చనిపోవువాడను, కుదుర్చు వైద్యము నాకక్కరలేదు, అని. కొందరి విషయమున సంతకము కూడ లేదు. వారి మెడికేర్ సంఖ్య చిక్కిన చాలును. నెలలు గడచిన పిమ్మట ఆ వృద్ధునికి నిజముగా జబ్బుచేసి ఆసుపత్రికి పోవును. "నీవు హాస్పిసు రోగివి, ఈ వైద్యమునకు సొమ్ము రాదు" అని యచ్చట చెప్పుదురు. ఆ నమోదును రద్దుచేసికొను హక్కు వానికి కలదు. నమోదైనట్లే యెరుగనివానికి ఆ హక్కు ఎందులకు? బ్రతుకగోరువాని పేరు చావుపద్దులో నెక్కినది, అది తుడిపించుకొనుటకు వాడు కార్యాలయములచుట్టు తిరుగవలయును. దీని ఖరీదును ఏ ఆర్థిక వివరణపత్రములో నెక్కింతురు?

కొంచెము గణితము చేయుదము. నూరుగురు కల్పిత రోగులు, దినమునకు ఇన్నూరు డాలర్లు: ఏటికి 73 లక్షలు. అయితే శాసనము ఒక సంస్థకు రోగితలకు సగటున నింతకు మించి యేటికి చెల్లింపరాదని హద్దు పెట్టినది. 2024లో ఆ హద్దు 33 వేల డాలర్ల పైచిలుకు. ఆ ప్రకారము చూచినను నూరుగురకు 33 లక్షలు. ఆ హద్దును తప్పించుకొనుటకు పాతవారిని సజీవముగా పంపివేసి క్రొత్తవారిని చేర్చుకొను ఉపాయమును కలదు. ఇక నొక తనిఖీదారు ఏటికి ఎంత జీతము తిన్నను, వాని బండికి ఎంత చమురు పోసినను, ఇట్టి దుకాణ మొక్కదానిని మొదటిదినముననే పట్టుకొన్నచో వాని జీవితకాలపు జీతము గిట్టుబాటగును. కాలిఫోర్నియావారు రుసుములతోనే శాఖను నడుపవలయునను నియమమును చాలవరకు పాటించుచున్నారు. రుసుముమీద బ్రతుకు శాఖకు దరఖాస్తుదారుడే అన్నదాత. అన్నదాత కాలు పట్టుకొని లాగుట కెవనికి మనసొప్పును? ఖర్చు సున్న యని సభలో చదివిన యా పద్దులోనే ఆ దోషపు బీజము దాగియున్నదని మా యభిప్రాయము.

తరువాతి చర్యలు మనకు కొత్తవి కావు; నిదురించిన కావలివాడు మేల్కొనినపుడు చేయునవే. 2022 జనవరి 1 నుండి క్రొత్త హాస్పిసు లైసెన్సులను ఆ రాష్ట్రము నిలిపివేసెను. తెరచిన తలుపును మూయునపుడు మంచివాడు చెడ్డవాడు అను విచక్షణ యుండదు గదా. 2023లో కేంద్రప్రభుత్వము అరిజోనా, కాలిఫోర్నియా, నెవడా, టెక్సాస్ రాష్ట్రములలోని క్రొత్త హాస్పిసులపై ప్రత్యేక నిఘా పెట్టెను. ఆ యేటనే దేశమందలి మెడికేర్ హాస్పిసు లన్నింటికిని ముందు తెలుపకుండ మనుష్యులను పంపి, చిరునామాలో సంస్థ యున్నదా లేదా యని చూపించెను. వేలకొలది తలుపులు తట్టవలసివచ్చెను. ఈ పని లైసెన్సునకు ముందే, ఒక్కొక్క తలుపుగా, చౌకగా జరుగదగినది. 2014లో శాసనము చేయువరకు హాస్పిసును ఇన్నినెలలకొకసారి తనిఖీ చేయవలయునను గడువే కేంద్రశాసనములో లేకుండెను. అప్పటినుండి ముప్పదియారు నెలలకొకసారి యన్నారు. మూడేండ్లు! ఆరునెలల ఆయువున్నవారికి సేవచేయు సంస్థను మూడేండ్లకొకసారి చూచుట. ఒక తనిఖీకిని మరు తనిఖీకిని నడుమ ఆరుతరముల రోగులు గడచిపోవుదురు.

ఇది పరదేశపు ముచ్చట. మన దేశమున వ్యాధి దీనికి తలక్రిందులుగా నున్నది.

మనకు హాస్పిసు లైసెన్సు అను ప్రత్యేక వస్తువు లేదనియే చెప్పవచ్చును. 2010 నాటి కేంద్ర వైద్యసంస్థల శాసనము ఆసుపత్రి, ప్రసూతిగృహము, నర్సింగుహోము, డిస్పెన్సరీ, క్లినిక్కు, శానిటోరియము అని పేర్లు వరుసగా చెప్పినది; హాస్పిసు పేరు అందులో లేదు. రాష్ట్రము స్వీకరించినగాని ఆ శాసనము రాష్ట్రమున చెల్లదు. కనుక సంస్థను తెరచుటకు ఆటంకము తక్కువ. ఆటంక మంతయు మందుకు. క్యాన్సరు బాధను తగ్గించు మార్ఫీను నల్లమందునుండి తీయబడునది. ఆ నల్లమందును శాసనసమ్మతముగా మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ గసగసాల చేలలో పండించుచున్న దేశము మనది. గాజీపూరు, నీముచ్‌లలో ప్రభుత్వపు కర్మాగారములు కలవు. పరదేశములకు నల్లమందు నమ్ముకొనిన దేశమిది. అట్టి దేశమున 1985లో మాదకద్రవ్యముల శాసనము వచ్చినపిమ్మట మార్ఫీను వాడకము నూటికి 97 వంతులు పడిపోయి, 1997లో దేశమంతటికిని 18 కిలోలకు దిగెను. మన కోట్ల జనములో ఆ యేట క్యాన్సరుతో మరణించినవారెందరో, వారిలో 18 కిలోలు ఎందరికి ముట్టగలదో చదువరులే యూహింతురుగాక.

శాసనము వైద్యమునకు మార్ఫీనును నిషేధింపలేదు. లైసెన్సులు పెట్టినది. నిలువయుంచుటకొకటి, తెచ్చుటకొకటి, పంపు రాష్ట్రమునుండి యింకొకటి, దారిలో చూపుటకు మరియొకటి. ఒక్కొక్క రాష్ట్రమున ఒక్కొక్క రీతి. లెక్కలో పొరపాటు వచ్చినచో కనీసశిక్ష పదేండ్లు. 2001లో సవరించువరకు ఆ కఠినత అట్లే యుండెను. ఇంతటి భయముతో నీ మందు నెవడు తాకును? అంగడివారు మానివేసిరి. ఆసుపత్రులు మానివేసినవి. ఆ మీదట చదువుకొని వచ్చిన వైద్యులలో ననేకులు తమ చేతితో నొక్క మార్ఫీను చీటియైనను వ్రాసి యెరుగరు.

మా యనుభవమొకటి చెప్పుదుము. వృత్తిలో ప్రవేశించిన క్రొత్తలో, 2014 సవరణకు పూర్వము, మేము సాయంకాలములందు స్వచ్ఛందముగా పనిచేయుచుండిన చిన్న సేవాసంస్థవారు కాగితములపని మాకప్పగించిరి. మూడు కార్యాలయములు తిరిగితిమి. మొదటి కార్యాలయము రెండవదాని కాగితము తెమ్మనెను. రెండవది మొదటిదాని కాగితము చూపుమనెను. దొరతనమువారిని దూషించుట మా యుద్దేశము కాదు; అచ్చటి గుమాస్తా మంచివాడే. "అయ్యా, ఇది నా చేతిలో లేదు, తప్పు జరిగితే నా యుద్యోగము పోవును" అని కన్నీటి మాటగా చెప్పినాడు. నాలుగవ అనుజ్ఞ చేతికి వచ్చునప్పటికి మొదటిదాని గడువు తీరిపోయెను. మరల మొదటినుండి. ఆ కాలమున మా సంస్థలో నాలుకపుండుతో నొక నేతపనివాడుండెను. రాత్రులందు గోడకు తలబాదుకొనెడివాడు. ఆయన భార్య మే మెప్పుడు కనబడినను ఒకటే యడిగెడిది: "బాబుగారూ, ఆ కాగితం ఇయ్యాళేమన్నా వచ్చిందా?" ఆ మందేమో ఆమెకు తెలియదు, దాని పేరు పలుకజాలదు. కాగితము వచ్చినచో భర్తకు నిద్రపట్టునని మాత్రము తెలియును. కాగితము వచ్చుటకు ముందే ఆయన పోయినాడు. ఆ నాలుగు లైసెన్సులకు ఖజానాకు ముట్టిన రుసుము కొన్ని వందల రూపాయలు. మే మా రసీదులను చాలకాలము దాచియుంచితిమి.

2014లో పార్లమెంటు ఆ శాసనమును సవరించి, మార్ఫీను మొదలగు కొన్నింటిని అత్యవసర మాదకౌషధములని వేరుపరచి, గుర్తింపుపొందిన వైద్యసంస్థకు రాష్ట్ర ఔషధనియంత్రణాధికారి యిచ్చు అనుమతి యొక్కటి చాలునని నిర్ణయించెను. ఇందులకై యేండ్లతరబడి పాటుపడినవారిలో కేరళకు చెందిన డాక్టరు ఎం. ఆర్. రాజగోపాల్‌గారు అగ్రగణ్యులు, 2018లో ఆయనకు పద్మశ్రీ లభించినది. నాలుగు కాగితములు ఒకటిగుటచే ప్రభుత్వమునకు ఖర్చు పెరిగెనా? తగ్గెను. దొంగవ్యాపార మాపుటకు నాలుగు కాగితములకంటె సక్రమముగా వ్రాసిన నిలువపుస్తక మొకటి మేలు. అయినను శాసనము మారినంతమాత్రమున భయము మారదు. గుర్తింపు కొరకు దరఖాస్తు పెట్టని జిల్లా ఆసుపత్రులు, పెట్టవచ్చునని యెరుగని ప్రైవేటు ఆసుపత్రులు నేటికిని కలవు. అనుజ్ఞ సులభమైనదని చాటింపువేయుట కూడ లైసెన్సు ఖర్చులో నొక భాగమే. ఆ పద్దు క్రింద పైసా వేసిన బడ్జెటును మేము చూడలేదు.

కేరళ మాట వచ్చినది గనుక ఇంకొంత. 1993లో కోళికోడులో నుపశమన వైద్యసంఘ మేర్పడినది. అటుపిమ్మట ఆ సేవ వైద్యుల చేతినుండి వీథిలోని జనుల చేతికి వచ్చెను. విద్యార్థులు, కూలీలు, దుకాణదారులు చిల్లరచందాలు పోగుచేసి నర్సుకు జీతమిచ్చిరి. వారమునకు రెండు గంటలు తామే రోగుల యిండ్లకు తిరిగిరి. 2008లో రాష్ట్రప్రభుత్వము ఉపశమన వైద్యమునకు ప్రత్యేక విధానమును ప్రకటించెను. దేశమున నట్టి దది మొదటిది. పంచాయతీలకు గృహసేవ నప్పగించి, నర్సును, బండిని సమకూర్చెను. ఆ యేర్పాటులో తనిఖీదారు ఎవడు? పొరుగువాడు. నర్సు రాకున్న మరునా డుదయమే పంచాయతీ సభ్యుని గుమ్మము ముందు ప్రశ్న పుట్టును. లాస్ ఏంజెలెసులో నూటయేబది సంస్థ లొకే భవనములో నున్నను ఎవరికిని తెలియలేదు. కేరళ పల్లెలో నొక నర్సు రెండుదినములు కనబడకున్న వీథియంతయు నెరుగును. పొరుగువాని కన్ను ప్రభుత్వమునకు చౌకయైన తనిఖీ యనుటలో మాకు సంశయము లేదు. కాని అది అన్నిచోట్లను దొరకునని భ్రమపడరాదు. హైదరాబాదు వంటి నగరమున, పై అంతస్తులోని పొరుగువాని పేరెరుగని చోట, ఆ కన్ను ఎక్కడిది?

మన తెలుగునాట పని లేకపోలేదు. హైదరాబాదులోని ఎం. ఎన్. జె. ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రిలో నుపశమన వైద్యవిభాగము బహుకాలముగా పనిచేయుచున్నది. 2011లో రోటరీవారి పూనికతో స్పర్శ్ హాస్పిసు వెలసినది. తెలంగాణ జిల్లా ఆసుపత్రులలోను ఇట్టి కేంద్రములు తెరువబడినవి. ఇవి యన్నియు ధర్మముమీదను, ప్రభుత్వజీతములమీదను నడచునవి. ఇంకను దినభత్యపు వ్యాపార మిచ్చట ప్రబలలేదు. కాని వృద్ధుల సంఖ్య పెరుగుచున్నది. బిడ్డలు బెంగుళూరులోను, అమెరికాలోను, తల్లిదండ్రులు గుంటూరులోను, కరీంనగరులోను నున్న కుటుంబము లిప్పు డెన్ని! రేపు భీమా పథకములు దినమునకింత యని హాస్పిసులకు చెల్లింప మొదలిడినచో, మొదట వచ్చువారు సేవకులు కారు, నామఫలకములు వచ్చును. ఆనాడు హడావుడిగా నొక లైసెన్సు శాసనమును తెచ్చి, దానికి ఖర్చు లేదని చదువుదురేమో యని మా భయము.

మా కొక మిత్రుడు, మిక్కిలి పొదుపరి, ఈ వ్యాసపు చిత్తుప్రతిని చదివి యడిగినాడు: ప్రభుత్వపు సొమ్ముతో తనిఖీదారులను పోషించిన, వారు లంచములు తిని ధర్మసంస్థలను పీడింపరా? పీడింపవచ్చును. ఆ భయము వట్టిది కాదు. అందుచేతనే ఉచితముగా సేవచేయు పది పడకల సంస్థకును, దినభత్యము పుచ్చుకొను కంపెనీకిని ఒకే కొలత పెట్టరాదని మా వాదము. ఉచితసేవ చేయువానికి రుసుమేల? వాడు తన నిలువపుస్తకమును, నర్సు పోయిన యిండ్ల పట్టికను చూపిన చాలును. సొమ్ము పుచ్చుకొనువాని విషయము వేరు. వాని లైసెన్సునకు ముందు నొక మనుష్యుడు పోయి తలుపు తట్టవలయును, లోపల నర్సు ఉన్నదా యని చూడవలయును, పట్టికలోని రోగి యింటికి పోయి "అమ్మా, మీ కీ సేవ యేమని చెప్పిరి?" అని యడుగవలయును. ఆ యడిగినవాని జీతము సంస్థల రుసుమునుండి రాక, చెల్లించు ఖజానానుండియే రావలయును. గాదె యెవరిదో కావలి వారిదే కావలయును. భీమా పథకము రాష్ట్రమువారిదైన తనిఖీ రాష్ట్రమువారిది, కేంద్రమువారిదైన కేంద్రమువారిది. ఒకరు సంతకము పెట్టి మరియొకరు నష్టపడు పద్ధతిని మొదటనే నరుకవలయును. మందు విషయమున మాత్రము గడువు ప్రభుత్వమునకే పెట్టవలయును: ఇన్నిదినములలో అనుమతి యియ్యక, కారణము వ్రాసి తిరస్కరింపక యున్నచో, ఇచ్చినట్లే యెంచబడునని. పట్టణములలో నిల్లు కట్టుకొనుటకు ఇట్టి గడువు నియమములున్నపుడు బాధ తగ్గించు మందుకు లేకుండుట యేమి న్యాయము?

శాసనసభ బడ్జెటు సమావేశములు ప్రతి యేటను వచ్చుచునే యున్నవి. మన నియోజకవర్గ సభ్యులను చదువరు లెరుగుదురు. వారు పండుగలకు, పెండ్లిండ్లకు వచ్చువారే. మన జిల్లా ప్రభుత్వాసుపత్రి మార్ఫీను నుంచుటకు గుర్తింపు పొందినదా, పొందినచో నిరుడు ఎంతమంది రోగుల కిచ్చినది, పొందనిచో దరఖాస్తు ఏ బల్లమీద నున్నది. ఈ మూడు ప్రశ్నలను వారి చేత సభలో నడిగింపుడు. జవాబు వ్రాతమూలకముగా పుచ్చుకొని మాకు పంపినచో, ఏ జిల్లాది ఆ జిల్లాపేరుతో నీ పుటలోనే ప్రకటింతుము.